ఫాయా ఎవరి శిష్యుడు? కాస్త పెద్ద జవాబు

మీ అమ్మాయి గిటార్ పెద్ద పరీక్షకు స్పానిష్ స్వరకర్త మానుయెల్ ద ఫాయా రాసిన "ఒమెనాహె" సాధన చేస్తోందనీ, రచయిత గురించి నాలుగు ముక్కలు చెప్పాల్సి వచ్చి వెతికితే తల తిరిగిందనీ రాశారు. ఒకచోట "సొంతంగా నేర్చుకున్నవాడు" అని ఉందట, ఒకచోట "పెద్రెల్ శిష్యుడు", ఇంకోచోట "ప్యారిస్‌లో ఫ్రెంచి స్వరకర్త దెబుస్సీ దగ్గర తయారైనవాడు". ఏది నిజం అని అడిగారు.

మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఏ ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. నేను చిన్నప్పుడు వయొలిన్ మీద సరళీ వరుసలతో మొదలుపెట్టి, తర్వాత పాశ్చాత్య సంగీతం వైపు వెళ్ళి, పాతికేళ్ళుగా హార్మొనీ (స్వరాలను కలిపి పేర్చే పద్ధతి) పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. ఫాయా అంటే నాకు కొంచెం పక్షపాతం ఉంది, అది ముందే ఒప్పుకుంటాను.

ముందు పేరు సంగతి. స్పానిష్‌లో రెండు "ల"లు పక్కపక్కన వస్తే "య"కు దగ్గరగా పలుకుతారు. కాబట్టి ఫల్లా కాదు, ఫాయా. పరీక్షలో మాట్లాడాల్సి వస్తే ఈ ఒక్కటి సరిచూసుకోమనండి.

ఫాయా 1876 నవంబరు 23న కాదిస్‌లో పుట్టాడు. స్పెయిన్ దక్షిణపు కొసన, మూడు వైపులా సముద్రం ఉన్న రేవు పట్నం అది. తండ్రి వ్యాపారి. తల్లి మరియా హెసూస్ మతేయు పియానో బాగా వాయించేది. మొదటి గురువు ఆవిడే. ఇంట్లో పనిచేసే దాది పాడే పల్లెపాటలు ఇంకో వైపు నుంచి చెవిన పడ్డాయి. జీవిత చరిత్రలు రాసేవాళ్ళు దాది విషయాన్ని కాస్త ముద్దుగా చెబుతారు గానీ, పిల్లవాడి చెవికి మొదటి నుంచీ రెండు రకాల సంగీతం అలవాటైందన్నది మాత్రం గట్టి మాట.

కాదిస్‌కు ఇంకో విశేషం ఉంది. స్వరకర్త హైడన్ రాసిన "క్రీస్తు చివరి ఏడు మాటలు" ఈ ఊరి కోసమే పుట్టింది. 1780ల్లో ఇక్కడి చర్చి వాళ్ళు గుడ్ ఫ్రైడేకి కావాలని ఆస్ట్రియాకు కబురంపి రాయించుకున్నారు. వందేళ్ళ తర్వాత అదే ఊరి చర్చిలో, దాన్ని ఒకే పియానో మీద ఇద్దరు వాయించేలా మార్చిన రూపంలో తల్లీ కొడుకులు కలిసి వాయించారు. ఫాయా జనం ముందు వాయించిన తొలి సందర్భాల్లో అదొకటి. తర్వాతి కాలంలో అతని సంగీతంలో కనిపించే భక్తినీ పొదుపునూ చూసినప్పుడల్లా నాకు ఆ తల్లి పక్కన కూర్చున్న పిల్లవాడే గుర్తొస్తాడు.

తల్లి తర్వాత పియానోకు ఎలోయిసా గలూసో, ఆ తర్వాత అలెహాంద్రో ఓదెరో, హార్మొనీకీ, కౌంటర్‌పాయింట్‌కూ (ఒకేసారి నడిచే వరుసలను అల్లే విద్య) ఎన్రికె బ్రోకా. వీళ్ళంతా ఆ ఊరి మాస్టార్లే. ఆ రోజుల్లో ఫాయాకు సంగీతం ఎంతో రాతా అంతే. సొంతంగా చేత్తో రాసి చిన్న చిన్న పత్రికలు నడిపాడు, బొమ్మలాట కట్టాడు. 1893 ప్రాంతంలో కాదిస్‌లో ఒక కచేరీలో గ్రీగ్ రచనలు విన్నాక మనసు సంగీతం వైపు గట్టిగా తిరిగిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. నార్వే అనే చిన్న దేశపు మనిషి తన ఊరి పాటల వాసన పోకుండా పెద్ద సంగీతం రాయగలిగాడన్నది పదిహేడేళ్ళ కుర్రాడికి గట్టిగా తగిలింది.

తర్వాత మాడ్రిడ్. అక్కడి గురువు హోసె త్రాగో. పరంపర అంటే మనవాళ్ళకు ఇష్టం కదా, చూడండి: పియానో స్వరకర్త షొపాన్ శిష్యుడు జార్జ్ మతియాస్, మతియాస్ శిష్యుడు త్రాగో, త్రాగో శిష్యుడు ఫాయా. మొదట్లో కాదిస్ నుంచి మాడ్రిడ్‌కు రైలెక్కి వచ్చి పాఠం చెప్పించుకుని వెళ్ళేవాడు. కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, రోజూ క్లాసుకు వెళ్ళే విద్యార్థిగా చేరలేదు. బయటి అభ్యర్థిగా పరీక్షలు రాసి, ఏడేళ్ళ కోర్సును రెండేళ్ళలో ముగించి, 1899లో పియానోలో మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. మన దగ్గర ప్రైవేటుగా కట్టి డిగ్రీ పాసైనట్టన్నమాట. "సొంతంగా నేర్చుకున్నవాడు" అనే మాటకు ఆధారం ఏమైనా ఉంటే ఇక్కడే ఉంది. కానీ త్రాగో లాంటి గురువును పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడనడం త్రాగోకు అన్యాయం.

అప్పటికి తండ్రి వ్యాపారం దెబ్బతింది. ఇంటిల్లిపాదీ మాడ్రిడ్ చేరారు. ఫాయా పియానో పాఠాలు చెప్పాడు, సార్సువేలాలు రాశాడు. సార్సువేలా అంటే మధ్య మధ్య మాటలుండే స్పానిష్ సంగీత నాటకం. ఆడితే నాలుగు డబ్బులొస్తాయి. ఫాయావి ఆడలేదు. రంగం మీదికి ఎక్కింది ఒక్కటే, 1902లో, అదీ నిలవలేదు. దీన్ని చాలామంది వృథా అయిన కాలం కింద లెక్కేస్తారు. నేను ఒప్పుకోను. గొంతు ఎక్కడ వినపడుతుంది, ఆర్కెస్ట్రా ఎక్కడ దాన్ని మింగేస్తుంది అనేది క్లాసులో కూర్చుంటే రాదు.

ఇప్పుడు పెద్రెల్. ఫెలీప్ పెద్రెల్ కటలాన్ ప్రాంతపు తోర్తోసాలో పుట్టిన పండితుడు. 16వ శతాబ్దపు స్పానిష్ స్వరకర్త విక్టోరియా రచనలన్నీ వెతికి సంపుటాలుగా అచ్చు వేయించినవాడు, ఊరూరా పాటలు సేకరించినవాడు. స్వరకర్తలు అల్బేనిస్, గ్రనాదోస్ కూడా ఆయన నీడన పెరిగినవాళ్ళే. ఫాయా సుమారు 1902 నుంచి 1904 దాకా, అంటే పెద్రెల్ బార్సెలోనాకు వెళ్ళిపోయేదాకా ఆయన దగ్గర చదివాడు. పెద్రెల్ వరుస ప్రకారం వ్యాకరణం నేర్పే మాస్టారు కాదు. కౌంటర్‌పాయింట్ తప్పులు దిద్దించుకోవాలని వెళ్ళినవాడికి ఆయన దగ్గర పెద్దగా దొరికేది ఉండదు. ఒక జాతి సంగీతం దాని జానపదం మీదే నిలబడాలి, అయితే పాటను ఎత్తి అతికించడం కాదు, ఆ పాట ఎలా నడుస్తోందో లోపలికి వెళ్ళి చూడాలి — ఆయన చెప్పింది ఇదీ. ఫాయా బతికినంతకాలం ఈ మాట మీదే నడిచాడు, ఆ ఋణాన్ని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు కూడా.

ఆ రోజుల్లోనే ఇంకో గురువు దొరికాడు, పుస్తకం రూపంలో. మాడ్రిడ్‌లో రాస్త్రో అనే పాత సామాన్ల సంత ఉంది. అక్కడ ఫాయాకు లూయీ లూకా అనే ఫ్రెంచివాడు 19వ శతాబ్దం నడుమ రాసిన ధ్వనిశాస్త్ర గ్రంథం దొరికింది. ఫాయా స్వరాలను పేర్చే తీరు వెనక ఈ పుస్తకం ఉంది. పాఠ్యపుస్తకాల భాషలో ఇది అర్థం కావడం కష్టం గానీ తంబురా విన్నవాళ్ళకు తేలిక. శ్రుతి బాగా కుదిరిన తంబురాలో మంద్ర షడ్జం తీగ మీటితే, ఎవరూ మీటకుండానే పైన అంతర గాంధారం సన్నగా పలుకుతుంది కదా? ఒక స్వరం లోపల ఇంకొన్ని స్వరాలు దాగి ఉంటాయి. ఫాయా ఒక తీగ స్వరాన్ని తీసుకుని, దాని లోపలి నుంచి పుట్టే స్వరాలను బయటికి లాగి, వాటినే అసలు స్వరాల పక్కన నిలబెట్టేవాడు. కాబట్టే అతని హార్మొనీ ఒరుసుకున్నట్టు గరుగ్గా ఉంటుంది గానీ అపశ్రుతి అనిపించదు. ఈ పాఠం ఏ కన్సర్వేటరీలోనూ చెప్పలేదు. "సొంతంగా" అన్న మాట ఇక్కడ వాడితే నాకు అభ్యంతరం లేదు.

1905లో రెండు పోటీలు గెలిచాడు. ఒకటి పియానో పోటీ, బహుమతిగా పెద్ద పియానోనే ఇచ్చారు. రెండోది మాడ్రిడ్ లలితకళల అకాడమీ పెట్టిన ఒపెరా పోటీ. దానికి పంపింది "లా వీదా బ్రెవె", అల్పాయుష్షు అని అర్థం. గ్రనడాలో ఒక జిప్సీ అమ్మాయి, ఆమెను మోసం చేసిన పెద్దింటి అబ్బాయి కథ. ఇది రాసేనాటికి ఫాయా గ్రనడా ఊరే చూడలేదు! తెలిసినవాళ్ళను అడిగి, చదివి, ఊహించి రాశాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

బహుమతి వచ్చింది, ప్రదర్శన రాలేదు. మాడ్రిడ్‌లో ఎవరూ ఆ ఒపెరా వేయలేదు. రెండేళ్ళు ఎదురుచూసి, 1907 వేసవిలో ప్యారిస్ బయల్దేరాడు. ఏడు రోజులకని వెళ్ళి ఏడేళ్ళు ఉండిపోయాడని చెబుతారు. వెళ్ళిన కొత్తలో బతుకుతెరువు ఏమిటనుకున్నారు? మూకాభినయం చేసే ఒక నాటక బృందంతో పియానో వాయిస్తూ ఊళ్ళు తిరగడం. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు నిండాయి. చేతిలో దేశంలోకెల్లా పెద్ద బహుమతులు రెండు.

ప్యారిస్‌లో ముందు తలుపు తీసింది పాల్ ద్యుకా. "మాంత్రికుడి శిష్యుడు" రాసిన ద్యుకాయే. ఫాయా తన ఒపెరాను పియానో మీద మొత్తం వాయించి వినిపించాడు. ఇది ఇక్కడ ఆడాల్సిందేనన్న ద్యుకా, ఆర్కెస్ట్రా రాత విషయంలో చేయి పట్టి నడిపించాడు. నా లెక్కలో ప్యారిస్ గురువు అంటే ముందు ద్యుకా, తర్వాతే దెబుస్సీ. దెబుస్సీకి పేరెక్కువ కాబట్టి అందరూ ఆ పేరే రాస్తారు. దెబుస్సీ దగ్గర ఫాయా నెలనెలా జీతం కట్టి పాఠం చెప్పించుకోలేదు. రాసింది పట్టుకెళ్ళేవాడు, ఆయన వెటకారం కలిపి సలహా ఇచ్చేవాడు. మొదటిసారి కలిసినప్పుడు ఫాయా మర్యాదకు "నాకు ఫ్రెంచి సంగీతం ఎప్పుడూ ఇష్టమే" అంటే, దెబుస్సీ "నాకు మాత్రం ఇష్టం లేదు" అన్నాడని ఒక కథ ఉంది. ఒకే అంకంగా ఉన్న ఒపెరా రెండంకాలైంది, ఆర్కెస్ట్రా భాగం తేలికపడింది. ఫ్రెంచి స్వరకర్త రవెల్, పియానిస్టు రికార్దో విన్యెస్ దగ్గరి స్నేహితులయ్యారు. అల్బేనిస్ తన "ఇబేరియా"ను స్వయంగా వాయించి వినిపించాడు, స్పెయిన్ రాజు నుంచి కొంత ఆర్థికసాయం వచ్చేలా చూశాడు. ఫాయా తన "నాలుగు స్పానిష్ రచనలు" ఆయనకే అంకితమిచ్చాడు. ఒపెరా చివరికి 1913 ఏప్రిల్ 1న నీస్‌లో మొదటిసారి ఆడింది. బహుమతి వచ్చిన ఎనిమిదేళ్ళకు, పరాయి దేశంలో, ఫ్రెంచి భాషలో.

1914లో యుద్ధం రాగానే మాడ్రిడ్‌కు తిరిగొచ్చాడు. అక్కడి నుంచి కథ వేగంగా నడుస్తుంది, నేనూ వేగంగానే చెబుతాను, మీరడిగింది శిక్షణ గురించి కాబట్టి. 1915లో "ఎల్ అమోర్ బ్రూహో", అందులోదే మీరు ఎక్కడో ఒకచోట వినే ఉండే అగ్నినృత్యం. 1916లో "స్పెయిన్ తోటల్లో రాత్రులు". 1919 జులై 22న లండన్‌లో ద్యాగిలెవ్ నడిపే రష్యన్ నాట్య బృందం "మూడు కోణాల టోపీ" బాలే ఆడింది, తెరలూ దుస్తులూ పికాసోవి. ఆ రాత్రి ఫాయా అక్కడ లేడు. తల్లి పరిస్థితి విషమించిందని తంతి వస్తే ప్రదర్శన చూడకుండానే బయల్దేరాడు. ఇల్లు చేరేసరికి ఆవిడ లేదు. మొదటి పాఠం చెప్పిన మనిషి.

ఆ తర్వాత గ్రనడా వెళ్ళి స్థిరపడ్డాడు. అల్హంబ్రా కోట పక్కనే కొండ మీద చిన్న తెల్లని ఇల్లు, తోడుగా చెల్లెలు. నలభై దాటిన ఈ వయసులో మళ్ళీ విద్యార్థి అయ్యాడు. ఈసారి గురువులు కాంతె హోందో గాయకులు. కాంతె హోందో అంటే లోతైన పాట, ఆందలూసియా జిప్సీల గొంతులో బతికిన ప్రాచీన గానం. అది కెఫేల్లో చవకబారు వినోదంగా దిగజారిపోతోందని బాధపడి, యువకవి లోర్కా తదితరులతో కలిసి 1922 జూన్‌లో అల్హంబ్రాలో రెండు రాత్రుల పోటీ పెట్టించాడు. వృత్తి గాయకులకు ప్రవేశం లేదు. బహుమతి తెచ్చుకున్నవాళ్ళలో దియేగో బెర్ముదెస్ అనే ముసలాయన ఉన్నాడు, తర్వాత మానోలో కరకోల్ పేరుతో ప్రసిద్ధుడైన చిన్న పిల్లవాడూ ఉన్నాడు.

ఆ సందర్భంగా ఫాయా తన పేరు వేయకుండా ఒక చిన్న పుస్తకం రాశాడు. అది చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఈ గానంలో అర్ధస్వరం కన్నా చిన్న అంతరాలున్నాయంటాడు. పాట పరిధి సాధారణంగా ఆరు స్వరాలు దాటదంటాడు. ఒకే స్వరాన్ని పట్టుకుని, పైనుంచీ కిందనుంచీ పక్క స్వరాలతో తాకుతూ, వదలకుండా మళ్ళీ మళ్ళీ దాని మీదికే వస్తారంటాడు. ఆ ఒంపులు అలంకారానికి కాదు, భావం పొంగినచోటే వస్తాయంటాడు. గమకాల గురించి మా వయొలిన్ మాస్టారు ఇంచుమించు ఇవే మాటలు చెప్పేవారు. ఈ లక్షణాలు భారతదేశపు పాటలతో కలుస్తున్నాయని ఫాయాయే పేరు పెట్టి రాశాడు. జిప్సీల పూర్వీకులు మన వాయవ్య ప్రాంతాల నుంచి వెళ్ళినవాళ్ళన్నది భాషాశాస్త్రం ఒప్పుకున్న సంగతే. అయితే పాట కూడా వాళ్ళ మూటల్లోనే ఇక్కడి నుంచి వెళ్ళిందని తేల్చేయడం తొందరపాటు. ఫాయా సైతం బైజాంటైన్ చర్చి గానాన్నీ అరబ్బుల రాకనూ కారణాల్లో కలుపుకునే ఈ మాట అన్నాడు.

స్వరాల లెక్క కావాలంటే, ఆందలూసియాలో ఎక్కువగా వినపడే ఫ్రిజియన్ అనే స్వరవరుస మన హనుమతోడి స్వరాలే. గాంధారాన్ని అంతర గాంధారం చేస్తే వకుళాభరణం. అక్కడి గాయకులు ఈ రెండు గాంధారాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటారు. అలాగని వాళ్ళు తోడి పాడుతున్నారని మాత్రం ఎవరితోనూ అనకండి. స్వరాలు కలిస్తే రాగం కలిసినట్టు కాదు, మీకు తెలియనిది కాదు.

పెద్రెల్ నాటిన విత్తనం పూర్తిగా పండింది 1926 నాటి హార్ప్సికార్డ్ (పియానోకు ముందుతరం వాయిద్యం) కన్చెర్తోలో అని నా అభిప్రాయం. ఆరే ఆరు వాయిద్యాలు. లోపల హువాన్ వాస్కెస్ అనే 16వ శతాబ్దపు స్వరకర్త పాట ఉంది. రెండో భాగం చివర లాటిన్‌లో పండగ పేరూ సంవత్సరమూ వేసుకున్నాడు, చర్చిలో మొక్కు చెల్లించినట్టు. మొదటిసారి వింటే ఎండుకొమ్మల్లా ఉంటుంది, నచ్చకపోతే కంగారు పడకండి. నాకు పట్టడానికి మూడేళ్ళు పట్టింది.

తను నేర్పిన శిష్యులు తక్కువ. ఎర్నెస్తో హల్ఫ్తేర్, రోసా గార్సియా అస్కోత్ ముఖ్యులు. చివరి ఇరవై ఏళ్ళు "అట్లాంతిదా" అనే పెద్ద రచన మీద కూర్చున్నాడు, ముగించలేదు. దాన్ని తర్వాత హల్ఫ్తేరే పూర్తిచేశాడు. 1936లో అంతర్యుద్ధం మొదలై లోర్కాను పట్టుకుపోయినప్పుడు, మితభాషి, పిరికివాడని పేరున్న ఈ మనిషి అధికారుల దగ్గరికి అడగడానికి వెళ్ళాడు. ఫలితం లేకపోయింది. 1939లో అర్జెంటీనాకు వెళ్ళి, 1946 నవంబరు 14న అక్కడే పోయాడు, డెబ్బై నిండడానికి తొమ్మిది రోజుల ముందు. సమాధి కాదిస్ పెద్ద చర్చి నేలమాళిగలో ఉంది. తర్వాతి కాలంలో స్పెయిన్ అతని బొమ్మను 100 పెసెటాల నోటు మీద వేసింది. సార్సువేలాలు అమ్ముడుపోక పియానో పాఠాలు చెప్పుకున్న మనిషి బొమ్మ!

ఇక మీ అమ్మాయి వాయించే రచన. పూర్తి పేరు "దెబుస్సీ సమాధికి నివాళి". 1918లో దెబుస్సీ పోయాక ప్యారిస్ పత్రిక ఒకటి స్మారక సంచిక కోసం సంగీతకారులందరినీ ఒక్కొక్క రచన అడిగింది. గిటార్ కోసం ఏదైనా రాయమని గిటారిస్టు మిగెల్ యొబేత్ ఎప్పటినుంచో వెంటపడుతున్నాడు. రెండింటికీ కలిపి ఫాయా 1920లో ఇది రాశాడు. గిటార్‌కు అతను రాసింది ఇదొక్కటే. వాయిస్తే మూడు నిమిషాల చిల్లర, అంతే.

మొదటి వరుస చూడమనండి. F నుంచి E మీదికి, మళ్ళీ F నుంచి E మీదికి. E స్వరాన్ని షడ్జం అనుకుంటే అది శుద్ధ రిషభం నుంచి షడ్జానికి వాలడం. కాంతె హోందో గాయకుడు ఒకే స్వరాన్ని పక్క స్వరంతో తాకుతూ ఉండడమని పైన రాశానే, అదే ఇక్కడ రెండు స్వరాల్లోకి కుదించాడు. కింద నడిచే లయ హబనేరా అనే నాట్యానిది. చాలామంది పిల్లలు దాన్ని నాట్యంలా హుషారుగా వాయించేస్తారు. ఇది నాట్యం కాదు, శవయాత్ర నడక. వేగం తగ్గించి, ఆ లయ మాత్రం జారిపోకుండా చూసుకోవాలి.

చివరికి వచ్చేసరికి ఉన్నట్టుండి కొత్త పాట ఒకటి కొన్ని క్షణాలు వినపడి మాయమవుతుంది. అది ఫాయాది కాదు, దెబుస్సీది. "గ్రనడాలో ఒక సాయంత్రం" అనే పియానో రచనలోంచి తీసుకున్నాడు. దెబుస్సీ కూడా గ్రనడా ఎన్నడూ చూడలేదు. స్పెయిన్‌తో ఆయన పరిచయమల్లా సరిహద్దు దాటి సాన్ సెబాస్తియాన్‌లో గడిపిన కొన్ని గంటలే. గ్రనడా చూడకుండా ఒపెరా రాసినవాడు, గ్రనడా చూడకుండా సాయంత్రం రాసినవాడి కోసం గ్రనడాలో కూర్చుని రాశాడన్నమాట. మీ అమ్మాయిని ముందు ఆ పియానో రచన రెండు మూడు సార్లు విననివ్వండి. ఆ చోటికి వచ్చినప్పుడు గొంతు మారాలి, ఎవరో పక్కగదిలో పియానో వాయిస్తున్నట్టు వినపడాలి. కుడిచేతిని తీగల మధ్యకు, ధ్వని రంధ్రం వైపుకు కాస్త జరిపితే ఆ మెత్తదనం వస్తుంది.